కరవడం మానిన చిలక

నబిరసూలు బొటనవేలు నోట్లో పెట్టుకుని వచ్చాడు. చిలక మళ్లీ కరిచిందని చెప్పడానికి వేలు బయటికి తీసేసరికి రక్తం మణికట్టు దాకా కారింది.

మౌలాలి తాత దర్గా వసారాలో కూర్చుని బొంత కుడుతున్నాడు. తలెత్తి గాయం చూసి, పసుపు పెట్టుకొమ్మన్నాడు. అంతకుమించి ఏమీ అనకపోయేసరికి నబిరసూలుకు ఉక్రోషం వచ్చింది.

"కడుపు నిండా పెడతాండా తాతా. ఒక దెబ్బ కొట్టలే, ఒక మాట అనలే. ఇంక నేనేం చేస్తే అది నా మాట ఇంటాది?"

తాత దారం కొరికి ముడి వేశాడు.

"నువ్వు దాని మాట ఇంటాండావా?" అన్నాడు.

ఆ చిలకకు మాటలు రాక కాదు. వెనకటి ఇంట్లో ఉన్నప్పుడు 'పాలొచ్చె, పాలొచ్చె' అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేదట. దర్గాకు వచ్చాక ఒక్క మాట అనలేదు. చెప్పదల్చుకున్నదంతా ముక్కుతోనే చెప్పేది. తాత అన్నదాంట్లో ఏదో ఉందని నబిరసూలుకు తోచింది గానీ, వేలు సలుపుతుంటే ఎవరికైనా ఆలోచన సాగదు. పసుపు కోసం లోపలికి పోయాడు.

ఎర్రదిన్నె గుట్ట కింద అంతా పత్తి పండే నల్లరేగడి. గుట్ట మీద చిన్న దర్గా, దానికొక వసారా, పక్కన తాత గుడిసె. తాత దూదేకులవాడు. వయసులో ఉండగా ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. యంత్రాలు వచ్చి ఆ పని పోయాక బొంతలు, పరుపులు కుట్టుకుంటూ దర్గా చూసుకుంటున్నాడు. శిష్యులు కావాలని ఆయన ఎవరినీ పిలవలేదు. వచ్చినవాళ్లను పొమ్మనలేదు. బోధ చేయమంటే చీపురు చేతికిచ్చేవాడు.

నబిరసూలు రెండేళ్ల కిందట వచ్చాడు. అప్పటిదాకా ట్రాక్టరు తోలేవాడు. ఊళ్లో అందరికీ మంచివాడు, పిలిస్తే పలికేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఆ రకం. ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పెక్కువైందని భార్య దస్తగిరమ్మ మీదికి కంచం విసిరాడు. నాలుగేళ్ల కూతురు మాబున్ని అమ్మకు అడ్డం వచ్చింది. కంచం అంచు నొసటికి తగిలి అయిదు కుట్లు పడ్డాయి. అంతకుముందు కంచాలు లేవని కాదు, చేతులూ బెల్టూ లేవని కాదు. ఆ కంచం చివరిది, అంతే. కుట్లు విప్పకముందే దస్తగిరమ్మ బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోయింది.

వారం తిరక్కుండా అతను గుట్టెక్కి తాత కాళ్ల మీద పడ్డాడు. తన కోపాన్ని చంపమని ఏడ్చాడు. తాత చీపురిచ్చాడు.

రెండేళ్లు ఊడ్చాడు. నీళ్లు మోశాడు, కట్టెలు కొట్టాడు. ఎవరి మీదా గొంతు పెంచలేదు. కోపం చచ్చిపోయిందని దర్గాకు వచ్చిన ప్రతివాళ్లకూ నెమ్మదిగా చెప్పేవాడు. కొట్టినవాడి కోపం పోయిందో లేదో దెబ్బలు తిన్నవాళ్లు చెప్పాలి గానీ, వాడే చాటుకుంటే ఏం లాభం? ఈ మాట తాత అన్నది కాదు, నేనంటున్నది. తాత వింటూ దబ్బనం దించుకుంటూ ఉండేవాడు.

ఉరుసు అయిపోయిన తర్వాత దస్తగిరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. నెల తిరిగాక ఒక శుక్రవారం బిడ్డను తీసుకుని గుట్టకు వస్తుందట. మనిషిని తాత ఎదుట చూస్తుందట. మారినాడని తాత ఒక్క మాటంటే సామాను సర్దుకుని అతనితో కాపురానికి వస్తుందట. నబిరసూలు ఆ రోజంతా అన్నం తినలేదు. కబురు తెచ్చినవాడి చేత మూడుసార్లు అదే చెప్పించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చిలక వచ్చింది.

దాన్ని తెచ్చింది కింది ఊళ్లో బడి చెప్పే టీచరమ్మ. పంజరానికి పాత చీర చుట్టి, చేతులకు రెండు సంచులు తొడుక్కుని తెచ్చింది. గుడ్డు నుంచి బయటపడ్డ నాలుగు వారాలకే తన చేత్తో పెంచానని, ఆర్నెల్ల నుంచి ఏ గాలి సోకిందో ఇంట్లో అందర్నీ కరుస్తోందని, మొన్న మనవడి కింది పెదవి చీల్చేసిందని చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆమె భర్త ఇంక పిల్లులకు వేస్తానంటున్నాడు. వదిలేద్దామంటే రెక్కలు కత్తిరించి ఉన్నాయి, ఎగరలేదు.

గుట్ట మీదికి ఇలాంటివి రావడం కొత్త కాదు. పాలివ్వని బర్రెను తోలుకొస్తారు, నిద్రలో ఉలిక్కిపడే బిడ్డల్ని ఎత్తుకొస్తారు. తాత నెమలీకల కట్టతో మూడుసార్లు తుడిచి, ఊదు పొగ చూపించి, నల్లదారం కడతాడు. దాన్ని దడుపు తాడంటారు. టీచరమ్మ కూడా అదే కట్టమంది. తాత పంజరంలోకి చాలాసేపు చూశాడు. తాడు మాట ఎత్తకుండా, కొన్నాళ్లు ఇక్కడ ఉండనిమ్మన్నాడు.

చిలకను నాకివ్వమని నబిరసూలు అడిగాడు. అతని మనసులో ఏముందో దాచడానికేమీ లేదు. మనిషి పెదవి చీల్చిన చిలకను చేతి మీద కూర్చోబెట్టుకుని ఎదురుపోతే, దస్తగిరమ్మకు వేరే సాక్ష్యం ఎందుకు? తాత అది పసిగట్టాడో లేదో, సరేనన్నాడు.

మొదటి వారం నబిరసూలు ముద్దు చేశాడు. పచ్చిమిరపకాయలు, జామకాయ చెక్కలు, నానేసిన శనగలు పెట్టాడు. అది తిన్నాక, పెట్టిన చేతిని కరిచింది. రెండో వారం తువ్వాలు చుట్టుకుని చెయ్యి పెట్టాడు. చిలక మూలకు జరిగేది. ఇంకా జరగడానికి మూల లేనప్పుడు కరిచేది. చేతి మీదికి ఎక్కమని పొట్ట కింద వేలు పెట్టి నెట్టేవాడు. ఎక్కేదాకా వదిలేవాడు కాదు. ఒకరోజు ఆకలైతే అదే దారికొస్తుందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమీ పెట్టలేదు. అతను ఇవేవీ కొట్టడం కింద జమకట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. 'నీ మంచికే గదరా' అని మెత్తగా చెబుతూనే చేశాడు.

బొటనవేలు తెగింది ఆ మర్నాడే.

పసుపు కట్టుకుని వసారాలోకి వచ్చేసరికి తాత చాపను పంజరం వైపు లాక్కుంటున్నాడు. మూడు బారల దూరంలో కూర్చుని కుట్టుపని మొదలుపెట్టాడు. చిలక దండె మీద ఉండి చూసింది. కాసేపటికి జొన్నకంకి గీరుకోవడంలో పడింది. తాత ఒక జానెడు ముందుకు జరిగాడు. చిలక తినడం ఆపింది. దాని కంట్లో నల్లగుడ్డు ఆవగింజంత అయి, పెద్దదై, మళ్లీ చిన్నదైంది. మెడ మీది ఈకలు నిక్కాయి. తాత ఆ కంటిని చూసి ఆ జానెడూ వెనక్కి జరిగాడు. చిలక ఈకలు దించుకుంది. ఎండ వసారాలోకి వచ్చేదాకా ఇదే పని. ముందుకు ఒక జానెడు, వెనక్కి ఒక జానెడు.

నబిరసూలుకు నవ్వొచ్చింది. చిలకకు భయపడి వెనక్కి పోతుంటే అది నెత్తికెక్కి కూర్చోదా అని అడిగాడు.

"అది వద్దంటాంది గదా నాయనా," అన్నాడు తాత. "కరిచేదాకా ఏమిటికుండల్ల?"

నబిరసూలు కూడా చాప వేసుకుని కూర్చున్నాడు. రెండు రోజులు కూర్చున్నాడు, పాపం. రెండు రోజులకు జానెడు దూరం తగ్గింది. ఈ నడకన పంజరం దాకా పోయేసరికి బక్రీదు వస్తుంది. దస్తగిరమ్మ రావడానికి రెండు వారాలు కూడా లేదు. మూడో రోజు చాప చుట్టేశాడు.

అప్పుడు తాతకు పక్క ఊళ్లో పని తగిలింది. పెళ్లివాళ్లకు పరుపులు కుట్టడానికి అయిదు రోజులు అక్కడే ఉండాలి. గుట్ట దిగేముందు చిలక జోలికి పోవద్దని చెప్పాడు. నీళ్లూ గింజలూ పెట్టి ఇవతలికి రమ్మన్నాడు. నబిరసూలు తల ఊపాడు.

ఊపినప్పుడు అబద్ధం లేదు. ఆ సాయంత్రం దర్గాలో ఊడుస్తుంటే నెమలీకల కట్ట కనపడింది, దాని పక్కన గూట్లో తాత పేని పెట్టిన నల్లదారాలు కనపడ్డాయి. టీచరమ్మ అడిగింది ఇదే గదా అనుకున్నాడు. బర్రెకు పనికొచ్చింది చిలకకు పనికిరాదా? తాత ఎందుకో మరిచిపోయాడు, తను గుర్తుపెట్టుకున్నాడు.

దుప్పటి వేసి చిలకను పట్టాడు. అది అరిచిన అరుపుకు గుట్ట కింద మేకలు కాసేవాళ్లు తలెత్తి చూశారు. తలకాయ ఒక్కటి బయటికి ఉంచి, ఊదు పొగ చూపించి, నెమలీకలతో తుడిచాడు. ఎడమ కాలు బయటికి లాగి దారం రెండు చుట్లు చుట్టి, జారిపోకుండా మూడు ముళ్లు వేశాడు. వేస్తున్నంతసేపూ దేవుడి పేరు తలుచుకుంటూనే ఉన్నాడు. భక్తిలో ఏ లోటూ చేయలేదు.

మర్నాడు చిలక దారాన్ని కొరకడంతోనే సరిపెట్టుకుంది. నబిరసూలు నీళ్లు పెట్టినా పట్టించుకోలేదు. మూడో రోజు కొరకడం కూడా మానేసింది. అతను వట్టి చెయ్యి లోపల పెట్టాడు. కరవలేదు. పొట్ట కింద వేలు పెడితే ఎక్కి కూర్చుంది.

నబిరసూలు ఏడ్చాడు. నిజంగానే, ఆనందం పట్టలేక ఏడ్చాడు. దాన్ని చేతి మీద పెట్టుకుని దర్గా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆ శుక్రవారం గుట్టెక్కిన వాళ్లందరికీ చూపించాడు. తాత చేతిలో ఉన్నది శిష్యుడి చేతిలోకి దిగిందని వాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒకామె రాత్రుళ్లు ఏడ్చే పసిదాన్ని తెచ్చి అతని ముందర పెట్టింది. అతను కాదనలేదు, నెమలీకలతో తుడిచాడు.

అయిదో రోజు పొద్దున తాత వచ్చాడు. నబిరసూలు చిలకను చేతి మీద ఉంచుకునే ఎదురుపోయాడు.

"చూడు తాతా. కరవదు."

తాత భుజం మీది సంచి దించలేదు. అలాగే నిలబడి చూశాడు. చిలక రొమ్ము మీద ఈకలు లేవు. తనే పీక్కుంది, చర్మం ఎర్రగా ఉంది. ఎడమ కాలు నల్లబడి రెండింతలు వాచింది. దారం కనపడటం లేదు, మాంసంలోకి దిగిపోయింది. తాత వేలు దాని ముఖం దగ్గరికి తీసుకెళ్లాడు. కంట్లో నల్లగుడ్డు చిన్నది కాలేదు, పెద్దది కాలేదు. ఆ చేతి మీద అది వణుకుతూ ఉంది, అంతే. ఆ వణుకును నబిరసూలు రెండు రోజులుగా మాలిమి అనుకుంటున్నాడు.

తాత వసారాలో కూర్చుని చిలకను ఒడిలో పెట్టుకున్నాడు. తువ్వాలు వద్దన్నాడు. సంచిలోంచి చిన్న కత్తెర తీసి, మొన ఎక్కడ దూరుతుందో వేలితో తడిమి, దారాన్ని తెంచాడు. తెగిన దారాన్ని మాంసంలోంచి బయటికి లాగాలి. లాగినప్పుడు చిలక తల తిప్పింది. తాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన ఉండే మెత్తని చోట ముక్కు దించి పట్టుకుంది.

తాత చెయ్యి లాక్కోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రక్తం కారి ఒళ్లోని పంచె తడిసింది. చిలక తనంతట తాను వదిలేదాకా చెయ్యి అక్కడే ఉంది.

"బాగుంది," అన్నాడు. "ఇంకా పానం ఉండాది."

నబిరసూలు నీళ్లు తెచ్చాడు. గుడ్డ చింపి తాత చేతికి చుడుతూ, తల పైకెత్తకుండానే, తను చెడ్డకు చేయలేదని అన్నాడు.

"చెడ్డకు చేసింటే చెప్పేది సులబం నాయనా," అన్నాడు తాత.

చిలకకు రెండు వేళ్లు రాలిపోయాయి. దండె మీద నిలవలేక పంజరం అడుగున కూర్చునేది. నబిరసూలు ఒక పలక చెక్కి, దాని మీద పాత బొంత ముక్క పరిచాడు. గింజలు పెట్టబోతే అది మళ్లీ కరిచింది. ఈసారి అతను ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ ఒకరోజు వచ్చి చూసింది. కాలు చూసింది, అతని ముఖం చూసింది, నోరు తెరవకుండా గుట్ట దిగి వెళ్లిపోయింది. ఆమె తిట్టిపోసినా బాగుండేదని అతను చాలా రోజులు అనుకున్నాడు.

దస్తగిరమ్మ వచ్చే రోజుకు అతని చేతిలో సాక్ష్యం ఏమీ లేదు. ఉతికిన చొక్కా వేసుకుని వసారాలో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల కింద పెట్టుకున్నాడు.

వాళ్లు మధ్యాహ్నం బస్సుకు వచ్చారు. దస్తగిరమ్మ చిక్కిపోయింది. మాబున్నికి ఆరేళ్లు. ఏటవాలుగా దువ్విన జుట్టు కింద నొసటి మీద మచ్చ తెల్లగా కనపడుతోంది. తాతకు మొక్కమంటే మొక్కింది. కూర్చోమంటే కూర్చుంది.

"మాబున్నీ, ఇట్రామ్మా," అన్నాడు నబిరసూలు.

ఆ పిల్ల వెంటనే లేచి వచ్చింది. అతని పక్కన కూర్చుంది. రెండేళ్లుగా కలలో కూడా ఇంత సులభంగా రాలేదు. తలమీద చెయ్యి వేశాడు. పిల్ల కదల్లేదు.

దస్తగిరమ్మ మొహం విచ్చుకుంది. తాతతో చెప్పుకొచ్చింది. బిడ్డ ఎంత నెమ్మదో, చెప్పిన మాట జవదాటదని, గలాటా చేయదని, పుట్టింట్లో కూడా దాని గొంతే వినపడదని. బళ్లో అయ్యవారు ఇట్లాంటి పిల్ల లేదన్నాడట. తర్వాత కొంచెం గొంతు తగ్గించింది. రాత్రిళ్లు మటుకు ఉలిక్కిపడి లేస్తుందట, పక్క తడుపుతుందట. ఎవరైనా గట్టిగా దగ్గితే మంచం కిందికి దూరుతుందట.

"ఈయప్పను చూసి గాదులే తాతా," అని చప్పున అంది, మొగుడి వైపు ఒకసారి చూసి. "ఏదో దడుపు. ఒక తాడు కట్టు. కాపురానికొచ్చేముందే కట్టించుకుని పోదామని."

నబిరసూలు చెయ్యి ఇంకా బిడ్డ తలమీదే ఉంది. అరచేతి కింద సన్నగా వణుకుతోంది. వంగి ముఖం చూశాడు. పిల్ల ఎదురుగా గోడకేసి చూస్తోంది. కళ్లు కదలడం లేదు.

ఆ చూపు ఎక్కడ చూశాడో అతను వెతుక్కోనక్కర్లేదు. చూసి ఇంకా పది రోజులు కాలేదు.

చెయ్యి తీసేశాడు. కూర్చున్నచోటి నుంచి ఒక జానెడు వెనక్కి జరిగాడు. పిల్ల అలాగే ఉంది. ఇంకో జానెడు జరిగాడు. ఇంకొకటి. వీపుకు వసారా గోడ తగిలేదాకా జరిగాడు. అప్పుడు మాబున్ని ఊపిరి వదిలింది. తల తిప్పి, వచ్చిన తర్వాత మొదటిసారి, అతను ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుంది.

దస్తగిరమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. అతనికి ఎక్కడో కోపం వచ్చిందనుకుంది. అలవాటు అట్లాంటిది. ముఖం పాలిపోయి, తను తప్పేమీ మాట్లాడలేదు గదా అని అడిగింది. ఆ అడగడం, తను విసిరిన కంచం తనకే వచ్చి తగిలినట్టు తగిలింది.

తాత లేచి గూట్లోంచి నల్లదారం తెచ్చాడు. ఊదు పొగ చూపించాడు. నెమలీకలతో బిడ్డను తాకకుండా గాలిలోనే మూడుసార్లు తుడిచాడు. దారం రెండు కొసలూ పట్టుకుని ఆ పిల్ల ఎదుట, కొంచెం ఎడంగా, గొంతుక్కూర్చున్నాడు.

"యాడ కట్టల్ల తల్లీ?"

దడుపు తాడు ఎక్కడ కట్టాలో ఎవరూ ఎవర్నీ అడగరు. పిల్లలకు మెడలో కడతారు. దస్తగిరమ్మ అదే చెప్పింది.

"నేనడిగింది ఆ యమ్మిని," అన్నాడు తాత.

మళ్లీ అడగలేదు. దారం పట్టుకుని కూర్చున్నాడు. మాబున్ని అమ్మను చూసింది. తాత చేతిని చూసింది, ఆ చేతికున్న కట్టును చూసింది. గుట్ట కింద రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. అప్పుడు పిల్ల వేలు పైకెత్తింది. గోడకు ఆనుకుని కూర్చున్న తండ్రి కుడిచేతిని చూపించింది.

దస్తగిరమ్మ ఆ వేలును గబుక్కున పట్టుకుని కిందికి దించింది. తప్పని బిడ్డను గదమాయించింది. చిన్నపిల్ల, తెలియదు, ఏమీ అనుకోవద్దని మొగుణ్ణి బతిమాలింది.

నబిరసూలు కూర్చున్నచోటి నుంచే కుడిచెయ్యి చాపాడు. తాతే అతని దగ్గరికి వెళ్లాడు. మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, మూడు ముళ్లు వేశాడు. బిగించే కట్టాడు.

ఆ తర్వాత దస్తగిరమ్మ వచ్చిన పని అడిగింది. మనిషి మారినాడా లేదా, ఒక్క మాట చెప్పమంది. ఆ మాట మీదే సామాను సర్దుకోవాలో వద్దో ఉంది. నబిరసూలు తల వంచుకున్నాడు. తాత తనను అడగొద్దన్నాడు. అడగాల్సిన వాళ్లు నీ కొంగు పట్టుకునే ఉన్నారన్నాడు. దస్తగిరమ్మ వంగి బిడ్డను చూసింది. కొంగును రెండు చేతులా మెలితిప్పి పట్టుకున్న ఆ పిడికిళ్లను చాలాసేపు చూసింది. తర్వాత సంచి అందుకుంది. సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది, అయినా లేచింది.

మెట్ల దాకా అతను వెనకాల నడిచాడు, అయిదారు అడుగులు వదిలేసి. వాళ్లు దిగబోతుంటే ఉండబట్టలేకపోయాడు.

"మళ్లీ శుక్రారం వస్తావా అమ్మా?"

మాబున్ని అమ్మ చాటుకు పోయింది. చాటు నుంచే అంది.

"రాను."

గుట్టెక్కినప్పట్నుంచి ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. దస్తగిరమ్మ చెయ్యి టక్కున బిడ్డ నోటి మీద పడింది. రెండో చేత్తో బిడ్డను వెనక్కి నెట్టి తాను అడ్డం నిలబడింది. ఆలోచించి చేసింది కాదు, ఒళ్లే చేసేసింది. నబిరసూలు ఆ రెండు చేతుల్నీ చూశాడు. దారం కట్టిన చెయ్యిని వెనక్కి పెట్టుకున్నాడు.

"సరేమ్మా," అన్నాడు.

వాళ్లు మెట్లు దిగారు. సగం దిగాక మాబున్ని అమ్మ చెయ్యి వదిలించుకుని ముందుకు పరుగెత్తింది. పడతావని దస్తగిరమ్మ కేకేస్తున్నా ఆగలేదు. గుట్ట పైనుంచి చూస్తే ఊళ్లో పిల్లలందరి మాదిరిగానే ఉంది. బస్సు వచ్చి, ఎక్కించుకుని, పోయేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

వసారాలోకి వచ్చేసరికి తాత సగం కుట్టిన బొంత ముందరేసుకుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు. కట్టు కట్టిన చేతికి పట్టు చిక్కడం లేదు. నబిరసూలు దబ్బనం తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాడు. పక్కన కూర్చుని, కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఇది ఎప్పుడు విప్పుకోవాలని అడిగాడు.

తాత కుట్టు వేశాడు.

"ఇప్పేది నువ్వు గాదులే," అన్నాడు.